పికప్‌లో ఏ కూలెంట్ పోయాలి? రంగు చూసి మాత్రం కొనకండి

బానెట్ ఎత్తామా, కూలెంట్ ట్యాంకులో పచ్చగా ఏదో కనపడిందా, షాపుకెళ్లి పచ్చ డబ్బా తెచ్చి పోసేశామా, పనైపోయింది. చాలామంది చేసేది ఇదే. నేనూ ఇదే చేశాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీజిల్ పికప్, కూలెంట్, అదే ఇంజన్ వేడెక్కిపోకుండా చుట్టూ తిరిగే ద్రవం, దాని లెవెల్ కింది గీత దాటి పడిపోయింది, తెలిసిన మెకానిక్‌ని అడిగితే "పచ్చదంతా ఒకటే అన్నా, పోసెయ్" అన్నాడు, తెచ్చిన డబ్బా సగం పోసి మిగతాది కుళాయి నీళ్లతో నింపేశాను. ఏడెనిమిది నెలలకి ఓ రోజు హీటర్ వేస్తే నా వైపు వెచ్చగా, పక్క సీటు వైపు చల్లగా గాలి వస్తోంది. ఇంజన్ చల్లారాక రేడియేటర్ మూత తీసి చూస్తే లోపలి రబ్బరు చుట్టూ కాఫీ రంగు జిగురు, వేలితో తీస్తే గ్రీజులా సాగుతోంది. ముందునుంచీ అందులో ఉన్నది ఒక జాతి, నేను పోసింది ఇంకో జాతి, దానికి తోడు ఖనిజాలు ఎక్కువున్న గట్టి నీళ్లు. రంగు మాత్రం అచ్చంగా ఒకటే! హీటర్ కోర్, అంటే వేడి కూలెంట్ తిరిగి లోపలికి వెచ్చటి గాలినిచ్చే చిన్న రేడియేటర్, సగం పూడుకుపోయింది, దాన్ని బయటికి తీయాలంటే డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పాలి.

అప్పట్నుంచి కూలెంట్ ఎలా కొంటున్నానో, ఎలా పోస్తున్నానో వరసగా చెప్తాను. మీది పెట్రోల్ పికప్ అయినా డీజిల్ అయినా పద్ధతి ఇదే.

ముందు మాన్యువల్, తర్వాతే షాపు

గ్లవ్ బాక్సులో ఎక్కడో అడుగున పడున్న ఓనర్స్ మాన్యువల్ తీయండి. చివరి పేజీల్లో ఆయిళ్లు, ఫ్లూయిడ్ల పట్టిక ఒకటి ఉంటుంది, అందులో కూలెంట్ గురించి రెండు మూడు లైన్లు రాసి ఉంటారు. మీకు కావాల్సినవి మూడు సంగతులు: ఏ రకం కూలెంటో చెప్పే స్పెసిఫికేషన్ కోడ్, మొత్తం ఎన్ని లీటర్లు పడుతుంది, ఎన్నేళ్లకి లేదా ఎన్ని కిలోమీటర్లకి మార్చాలి. ఆ పేజీని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి, షాపులో నిలబడ్డప్పుడు గుర్తు రాదు. మాన్యువల్ పోయిందా, కంపెనీ వెబ్‌సైట్లో చాలావరకు దొరుకుతుంది, లేదంటే ఛాసిస్ నంబర్ చెప్తే స్పేర్ పార్టుల కౌంటర్లో వెతికి పెడతారు.

మోడల్ పేరొక్కటే తెలిస్తే చాలదు, తయారైన ఏడాది కూడా కావాలి, ఎందుకంటే ఒకే పేరుతో వచ్చే బండికి కంపెనీ మధ్యలో కూలెంట్ మార్చేస్తుంది. ఫోర్డ్‌నే తీసుకోండి, ముందు బంగారు రంగుది, దాని కోడ్ డబ్ల్యూఎస్ఎస్-ఎమ్97బి51-ఎ1, తర్వాత నారింజ రంగుది, ఎమ్97బి44-డి, ఆ తర్వాత పసుపుది, ఎమ్97బి57-ఎ2. డాడ్జ్, రామ్ బళ్లలో 2012 దాకా ఎమ్ఎస్-9769 రకం, 2013 నుంచి ఎమ్ఎస్-12106 రకం, ఆ రెండిటినీ కలపొద్దని మాన్యువల్లోనే హెచ్చరిక ఉంటుంది. జనరల్ మోటార్స్ 1990ల మధ్యలో డెక్స్-కూల్ అనే కూలెంట్‌కి మారి ఇప్పటికీ దాంతోనే నడుస్తోంది. టయోటా సూపర్ లాంగ్ లైఫ్ కూలెంట్ గులాబీ రంగులో, ముందే నీళ్లు కలిపి వస్తుంది, చాలా మోడళ్లలో మొదటిసారి 1,60,000 కిలోమీటర్లకి, ఆ తర్వాత ప్రతి 80,000కి మార్చమంటారు.

ఇన్ని రంగుల పేర్లు చెప్పి మళ్లీ రంగు చూడొద్దంటున్నానేంటి అనిపించొచ్చు. రంగంటే చివర్లో వేసే డై, అంతే. లీక్ అయితే కనపడటానికి, ఫ్యాక్టరీలో ఒకదానికొకటి మారిపోకుండా ఉండటానికి. ఏ రంగు ఏ జాతికి వేయాలో అందరూ పాటించే నియమమంటూ ఏదీ లేదు. డెక్స్-కూల్ నారింజే, డాడ్జ్ వాళ్ల పాత హైబ్రిడ్ కూలెంట్ కూడా ఒకప్పుడు నారింజే, రెండూ వేరు. పాతకాలం కూలెంట్ పచ్చ, నిస్సాన్ బళ్లలో వచ్చే ఒక రకం కూడా పచ్చే, రెండూ వేరు. నేను మునిగింది సరిగ్గా అలాంటి చోటే.

డబ్బాలో అసలు ఏముంటుంది

కూలెంట్‌లో ముఖ్యమైనవి మూడే: నీళ్లు, గ్లైకాల్, తుప్పు ఆపే రసాయనాలు. వేడి మోసేది ప్రధానంగా నీళ్లే. గ్లైకాల్ ఆ నీళ్లు గడ్డకట్టకుండా, తొందరగా మరిగిపోకుండా చూస్తుంది. ఈ రెండూ దాదాపు అన్ని డబ్బాల్లోనూ ఒకటే. తేడా అంతా మూడోదాంట్లో ఉంది, డబ్బాలో కొద్ది శాతమే ఉండే ఆ రసాయనాల్లో.

పాత పద్ధతి ఐఏటీ. సిలికేట్లు, ఫాస్ఫేట్ల లాంటివి లోహం మీద మొత్తం ఒక పొర వేసేస్తాయి. రక్షణ వెంటనే మొదలవుతుంది, కానీ పొర వేస్తూ వేస్తూ అవి తొందరగా ఖర్చైపోతాయి, అందుకే దీన్ని రెండేళ్లకోసారి మార్చాలి. ఇత్తడి, రాగి రేడియేటర్లున్న పాత పికప్‌లకి మాన్యువల్ ఇదే చెప్తే దీన్నే వాడండి, కొత్తది గొప్పదని మార్చకండి.

తర్వాత వచ్చింది ఓఏటీ, సేంద్రియ ఆమ్లాలతో చేసింది. ఇది ఎక్కడ తుప్పు మొదలవుతోందో అక్కడే పని చేస్తుంది, మిగతా చోట ఊరికే ఉంటుంది, అందుకే ఐదేళ్లు, అంతకంటే ఎక్కువ కూడా నడుస్తుంది. ఈ రెండిటినీ కలిపి చేసినవి హైబ్రిడ్‌లు, అంటే హెచ్‌ఓఏటీ, అందులో మళ్లీ సిలికేట్ కలిపినవి కొన్ని, ఫాస్ఫేట్ కలిపినవి కొన్ని.

ఇన్ని రకాలెందుకు, అందరూ కూర్చుని ఒకటి చేసుకోవచ్చుగా అని నాకూ విసుగొచ్చేది. కారణం తెలిశాక కొంచెం శాంతించాను. యూరప్‌లో చాలాచోట్ల నీళ్లు గట్టివి, కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, ఫాస్ఫేట్ వాటితో కలిస్తే తెల్లటి పొలుసు కడుతుంది, అందుకని అక్కడి కంపెనీలు ఫాస్ఫేట్ వద్దనుకుని సిలికేట్ వైపు వెళ్లాయి. జపాన్ కంపెనీలకి సిలికేట్‌తో పేచీ, వాటర్ పంప్ సీల్ అరుగుతుందని దాన్ని పక్కనపెట్టి ఫాస్ఫేట్ తీసుకున్నాయి. అంటే ఒకరు వద్దన్నదే ఇంకొకరి ప్రధాన సరుకు. ఇప్పుడు ఆ రెండూ ఒకే రేడియేటర్లో పోస్తే ఏమవుతుంది? ఇంజన్ ఆ రోజే పోదు. ఒకదాని రసాయనాలు ఇంకోదాని పనికి అడ్డం పడి ఐదేళ్లు ఆగాల్సింది ముందే చచ్చిపోతుంది, అదృష్టం బాగోకపోతే నా బండిలోలా జిగురు కడుతుంది.

డీజిల్ పికప్ ఉన్నవాళ్లు ఇది వదలకండి

పెద్ద డీజిల్ ఇంజన్లు కొన్నిటిలో వెట్ లైనర్లు ఉంటాయి, అంటే పిస్టన్ పైకీ కిందికీ ఆడే గొట్టం బయటివైపు నేరుగా కూలెంట్ తగులుతూ ఉంటుంది. లోపల డీజిల్ మండిన ప్రతిసారీ ఆ దెబ్బకి లైనర్ గంట కొట్టినట్టు అదురుతుంది. గోడ ఒక్క క్షణం వెనక్కి లాగినప్పుడు అక్కడ పీడనం పడిపోయి కూలెంట్‌లో చిన్న చిన్న ఆవిరి బుడగలు పుడతాయి, గోడ మళ్లీ ముందుకొచ్చేసరికి అవి చితికిపోతాయి. ఒక్కో బుడగ చితికినప్పుడు ఇనుము మీద సూదితో పొడిచినట్టు దెబ్బ, నిమిషానికి వందలసార్లు, ఏళ్ల తరబడి. చివరికి లైనర్‌కి సూదిమొనంత చిల్లు పడి కూలెంట్ ఆయిల్లోకి దిగుతుంది, అప్పుడు ఇంజన్ విప్పక తప్పదు.

దీన్ని ఆపడానికి హెవీ డ్యూటీ కూలెంట్లలో నైట్రైట్ లాంటివి కలుపుతారు, కొన్నిటిలో ఆ పని వేరే రసాయనాలతో చేయిస్తారు. డబ్బా మీద ఏఎస్‌టీఎమ్ (ప్రమాణాలు నిర్ణయించే అమెరికా సంస్థ) డి6210 అని రాసి ఉంటే ఇలాంటి ఇంజన్లకి కావాల్సినవన్నీ అందులోనే ఉన్నాయని అర్థం, డి4985 అయితే ఎస్‌సీఏ అనే సప్లిమెంట్ విడిగా కలుపుకోవాలి, టెస్ట్ స్ట్రిప్ ముంచి దాని మోతాదు చూసుకుంటూ ఉండాలి. మామూలు కార్లు, చిన్న పికప్‌ల కూలెంట్‌కి ఉండేది డి3306.

ఇది చదివి వెంటనే ఎస్‌సీఏ కొనేయకండి. పికప్‌లలో వచ్చే చిన్న డీజిల్ ఇంజన్లలో చాలావాటికి వెట్ లైనర్లు ఉండవు, మాన్యువల్ అడగకుండా నైట్రైట్ కలిపితే అల్యూమినియం రేడియేటర్‌కి మేలు కంటే కీడే ఎక్కువ. అడిగితేనే పోయండి.

షాపులో డబ్బాని తిప్పి చదవండి

ముందువైపు బొమ్మలు, పెద్దక్షరాలు అన్నీ అమ్మకం కోసం. అసలు సంగతి వెనకవైపు చిన్నక్షరాల్లో ఉంటుంది. ఫోన్లో తీసిన కోడ్ పట్టుకుని అక్కడ అదే కోడ్ ఉందేమో చూడండి, ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా.

కోడ్ ఉన్నా దాని పక్కన ఏ మాట రాశారో చూడాలి. 'అప్రూవ్డ్' అంటే బండి కంపెనీ పరీక్షించి ఒప్పుకుంది. 'మీట్స్' అంటే మా సరుకు ఆ ప్రమాణానికి సరిపోతుందని కూలెంట్ తయారుచేసినవాళ్లు చెప్తున్నారు. 'రికమెండెడ్ ఫర్' అనో 'సూటబుల్ ఫర్' అనో ఉంటే మా అభిప్రాయంలో వాడుకోవచ్చు అని, అంతే. మొదటిది దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి, రెండోది మంచి పేరున్న తయారీదారుదైతే నేను వాడతాను, మూడోదాన్ని వారంటీలో ఉన్న బండిలో పోయను.

ఇక 'అన్ని బళ్లకి, అన్ని రంగులకి' అని రాసుండే యూనివర్సల్ డబ్బాలు. వాటిలో ఎక్కువ భాగం ఓఏటీ రకాలే. దారిలో లెవెల్ తగ్గితే కొంచెం పోసుకోవడానికి ఫర్వాలేదు, కానీ పూర్తిగా మార్చేటప్పుడు ఎలాగూ పాతదంతా తీసేస్తున్నాం కదా, అప్పుడు కూడా సర్దుబాటు సరుకు ఎందుకు? డబ్బా మీద ఏ కోడూ లేకుండా 'కూలెంట్' అని మాత్రమే ఉంటే మాత్రం పక్కన పెట్టేయండి, అది రంగునీళ్లో ఏమిటో ఎవరికి తెలుసు.

కాన్సంట్రేటా, నీళ్లు కలిపి అమ్మేదా

ఇక్కడ ఎక్కువమంది తప్పు చేసేది నిష్పత్తిలో. ఎంత చిక్కగా ఉంటే అంత చల్లగా ఉంటుందని నీళ్లే కలపకుండా కాన్సంట్రేట్ నింపేసేవాళ్లున్నారు. అది తలకిందుల లెక్క. వేడి మోయడంలో నీళ్లని మించింది లేదు, సగం సగం కలిపిన కూలెంటే ఒట్టి నీళ్లకంటే దాదాపు ఐదో వంతు తక్కువ వేడి మోస్తుంది, ఇక గ్లైకాల్ పెరిగే కొద్దీ అది ఇంకా తగ్గుతుంది. గడ్డకట్టే విషయంలో అయితే మరీ విచిత్రం, ఒట్టి ఇథిలిన్ గ్లైకాల్ మైనస్ 13 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, సగం నీళ్లు కలిపితే మైనస్ 37 దాకా ఆగుతుంది.

మాన్యువల్ వేరేగా చెప్పకపోతే సగం సగం మంచిది. ఆ మిశ్రమం మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, రేడియేటర్ మూత ఒక బార్ పీడనం ఆపిపెడితే 129 దాకా వెళ్తుంది. అంటే రబ్బరు ఎండి పగిలిన మూత పెట్టుకుని ఎంత మంచి కూలెంట్ పోసినా ఆ ఇరవై డిగ్రీలు చేజారినట్టే. కూలెంట్ మార్చేటప్పుడు మూత కూడా చూడండి, దాని మీద అంకె ఉంటుంది, కొత్తదాని మీద అదే అంకె ఉండాలి. చలి లేని చోట ఒట్టి నీళ్లు చాలవా అంటారు కొందరు. చాలవు, తుప్పు ఆపేది కూలెంట్‌లోని రసాయనాలే, పైగా బరువేసుకుని ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఆ మరిగే హద్దు అవసరమవుతుంది.

నీళ్లు కలపాలంటే డిస్టిల్డ్ వాటర్ లేదా డీమినరలైజ్డ్ వాటర్. కుళాయి, బోరు నీళ్ల సంగతి నా హీటర్ కోర్‌ని అడగండి.

ముందే కలిపిన డబ్బా సుఖం, లెవెల్ తగ్గినప్పుడు తిన్నగా పోసేయొచ్చు. కానీ నీళ్లతో కడిగి మార్చేటప్పుడు అదే దెబ్బ కొడుతుంది, ఎలాగో చూడండి. మీ బండికి మొత్తం 12 లీటర్లు పడుతుందనుకుందాం. నీళ్లతో కడిగి కింద నట్టు తీస్తే 7 లీటర్లే బయటికి వస్తాయి, 5 లీటర్ల నీళ్లు ఇంజన్ బ్లాకులో, హీటర్లో ఉండిపోతాయి. ఇప్పుడు ముందే కలిపినది 7 లీటర్లు పోస్తే అందులో అసలు కూలెంట్ మూడున్నర లీటర్లే, 12 లీటర్లకి అది 29 శాతం. సగం అనుకున్నది మూడో వంతు కూడా లేదు, తుప్పు మందు కూడా అంతే పలచబడింది. అదే కాన్సంట్రేట్ అయితే 6 లీటర్లు పోసి పైన ఒక్క లీటరు డిస్టిల్డ్ వాటర్ పోస్తే లెక్క సరిపోతుంది. కాబట్టి కడిగేటట్టయితే కాన్సంట్రేట్, కడగకుండా ఉన్నది దించి నింపేటట్టయితే కలిపినది.

ఇప్పుడు బండిలో ఉన్నది ఏంటో తెలియకపోతే

సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లందరి సమస్య ఇదే. పాత ఓనర్‌ని అడిగితే 'మంచిదే పోయించాను' అంటాడు, అంతకు మించి రాదు. ఇలాంటప్పుడు ఊహించడం మానేసి మొత్తం తీసేసి కడిగి మాన్యువల్ చెప్పినది పోయడమే తేలిక. ఆ లోపు లెవెల్ తగ్గితే తెలియని కూలెంట్ కలపడం కంటే కాస్త డిస్టిల్డ్ వాటర్ పోసి నడపడమే నయం, గడ్డకట్టే చలి ఉన్న చోట తప్ప.

ఉన్నది ఎంత చిక్కగా ఉందో చూడటానికి రిఫ్రాక్టోమీటర్ కొనుక్కోండి, ఒక్క చుక్క వేసి వెలుతురు వైపు పెట్టి చూస్తే గీత ఎక్కడుందో తెలిసిపోతుంది. గ్లైకాల్‌లో ఇథిలిన్, ప్రొపిలిన్ అని రకాలున్నాయి, లోపల ఒక్కోదానికి వేరే వేరే స్కేళ్లు ఉంటాయి, మీది ఏదో దాన్నే చదవాలి. బంతులు తేలే ప్లాస్టిక్ పరికరం ఇథిలిన్ రకానికి పని చేస్తుంది, ప్రొపిలిన్ రకానికి తప్పు చూపిస్తుంది.

గాజు సీసాలో పాతదీ కొత్తదీ కలిపి రాత్రంతా ఉంచి చూసే అలవాటు కొందరికుంది. ముద్ద కడితే అవి కలవవని తేలినట్టే. కట్టకపోతే మాత్రం సరిపోయాయని కాదు, రసాయనాలు ఒకదాన్నొకటి చంపుకోవడం కంటికి కనపడదు.

పోసేటప్పుడు

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. చెయ్యి పెడితే గోరువెచ్చగా కూడా ఉండకూడదు. వేడి మీద మూత తిప్పితే లోపల పీడనంతో ఉన్న కూలెంట్ ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది, దీంట్లో తొందర వద్దు.

రేడియేటర్ కింద వెడల్పాటి టబ్బు పెట్టి, హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి, కింది నట్టు వదులు చేయండి. వచ్చేది శుభ్రంగా ఉంటే సరే, తుప్పు రంగులో ఉంటే నీళ్లు నింపి, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే కూలెంట్‌ని రేడియేటర్లోకి వదిలే వాల్వ్) తెరుచుకునే దాకా ఇంజన్ నడిపి, చల్లార్చి, మళ్లీ దించండి, నీళ్లు తేటగా వచ్చేదాకా. ఆఖరిసారి మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తోనే, లోపల ఉండిపోయేది అదే కాబట్టి. పైన నూనె తేలుతున్నా, ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాల మీగడలా కనపడినా అక్కడే ఆపి హెడ్ గ్యాస్కెట్, ఆయిల్ కూలర్ చూపించుకోండి, కూలెంట్ మారిస్తే పోయే రోగం కాదది.

నింపడం నెమ్మదిగా, గరాటు పెట్టి, మధ్యమధ్యలో పై గొట్టాన్ని చేత్తో నొక్కుతూ. లోపల గాలి చిక్కుకుంటే లెవెల్ నిండినట్టే కనిపిస్తుంది, కొంచెం దూరం వెళ్లగానే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. కొన్ని ఇంజన్లకి గాలి వదిలే చిన్న స్క్రూ ఉంటుంది, దాంట్లోంచి బుడగల్లేకుండా ధార వచ్చేదాకా వదిలి బిగించాలి. తర్వాత రెండు మూడు రోజులు పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు ట్యాంకులో లెవెల్ చూడండి, మొదట్లో కాస్త తగ్గడం మామూలే. నెల తర్వాత కూడా తగ్గుతూనే ఉంటే ఎక్కడో కారుతోంది.

దించిన పాత కూలెంట్ టబ్బుని అక్కడే వదిలి టీకి వెళ్లకండి. ఇథిలిన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు నాకుతాయి, కొంచెం కడుపులోకి వెళ్లినా కిడ్నీలు పోతాయి, చిన్నపిల్లలకీ అంతే ప్రమాదం. కాలవలో పారబోయకుండా మూత ఉన్న డబ్బాల్లో నింపి, పాత ఆయిల్, కూలెంట్ తీసుకునే చోట ఇచ్చేయండి. నేల మీద చిందినదాన్ని మాత్రం వెంటనే నీళ్లతో కడిగేయాలి.

నేను ఆఖర్న చేసే పని ఇంకోటుంది. మాస్కింగ్ టేప్ ముక్క మీద కూలెంట్ కోడ్, పోసిన తేదీ, అప్పటి కిలోమీటర్లు బాల్ పెన్‌తో రాసి బానెట్ లోపలివైపు అంటిస్తాను, అదే రకం డబ్బా ఒకటి సీటు వెనక పడేసి ఉంచుతాను. మొన్న సర్వీస్‌కి ఇచ్చినప్పుడు అక్కడి కుర్రాడు చేతిలో పచ్చ డబ్బాతో వచ్చి, బానెట్ ఎత్తి, ఆ టేప్ చదివి, "మీ దగ్గర ఉన్నది ఇవ్వండి సార్" అని అడిగాడు.